ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఏటిగట్టు మీదుగా: ఒకరం బండి, ఒకరం సైకిలు

గోదారిగట్టు | నవంబరు 9, రాత్రి 9.48

అందరికీ నమస్కారమండి. మాది కొత్తపేట పక్క పల్లె. ఉద్యోగం హైదరాబాదులో. పదకొండేళ్లుగా ప్రతి సంక్రాంతికీ 350 సీసీ బండి మీదే ఊరొస్తున్నాను. హైవే మీద సిద్ధాంతం వంతెన దాటడం, రావులపాలెంలో కుడికి తిరగడం, అరగంటలో ఇంటి దగ్గర కాళ్లు కడుక్కోవడం. అంతే. కానీ ఆ వంతెన మీద మాత్రం ప్రతిసారీ బండి నెమ్మది చేసి గోదావరి పాయ వశిష్ఠను చూస్తాను. ఈ నీళ్లు ధవళేశ్వరం దగ్గర చీలిన చోటు నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా పక్కనే వెళ్లాలని ఎన్నాళ్లుగానో ఉంది. నది ఎప్పుడూ నా కుడిచేతి వైపే ఉండాలి.

డిసెంబరు ఆఖరి వారంలో రెండు రోజులు సెలవు దొరికింది. తోడు మా మేనత్త కొడుకు, బావ వస్తానన్నాడు. ఆయన సైకిలు తప్ప మరోటి ఎక్కడు. గేర్ల సైకిలుంది, రోజూ నలభై కిలోమీటర్లు తొక్కుతాడు. బండీ సైకిలూ కలిసి వెళ్లడం కుదురుతుందా? గట్టు మీద దారి మొత్తం ఉంటుందా, మధ్యలో తెగిపోతుందా? సఖినేటిపల్లి రేవులో నరసాపురానికి దాటే పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే బల్లకట్టు) మీద 350 బండి ఎక్కిస్తారా? వెళ్లినవాళ్లు చెప్పండి. హోటళ్ల పేర్లు అక్కర్లేదండి, రాత్రికి రాజోలులో చుట్టాలున్నారు.

లంకలోడు | నవంబరు 9, రాత్రి 10.31

తమ్ముడూ, మాది పి.గన్నవరం అవతల లంక (నది మధ్య దీవి). పుట్టినప్పటి నుంచీ ఈ గట్టు మీదే తిరుగుతున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను.

ధవళేశ్వరంలో బ్యారేజీ ఎక్కు. 175 గేట్లు, నాలుగు ముక్కలుగా ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి ముక్కలు దాటాక బొబ్బర్లంక. అక్కడ ఎడమకు తిరిగితే కోనసీమలో పడ్డట్టే. ఇంకా ముందుకు వెళ్తే మద్దూరు, విజ్జేశ్వరం, అది 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా. బొబ్బర్లంక నుంచి ప్రధాన కాలువ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. అక్కడి నుంచి కొత్తపేట మీదుగా పి.గన్నవరం. అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం) దగ్గర వైనతేయ పాయ దాటి నాగుల్లంక, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది.

గట్టు మొత్తం ఉంది. దారే మొత్తం ఒకలా లేదు. కొన్ని చోట్ల తారు, కొన్ని చోట్ల గ్రావెలు, కొన్ని చోట్ల ఉత్త మట్టి. మట్టి ఉన్న చోట వాన పడ్డ మూడు రోజుల దాకా దిగకు. మా మట్టి ఇసుక కాదు, బంక. చక్రానికి పట్టిందంటే మడ్‌గార్డు లోపల గూడు కట్టి చక్రమే ఆగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఫోన్లో మ్యాపు చూసి లంకల్లోకి దిగకండి. వేసవిలో లంకకి మట్టి రోడ్డు పోసుకుంటాం, మ్యాపు వాడు దాన్ని గీసేస్తాడు. జులైలో ఆ రోడ్డు ఉండదు, పడవ ఉంటుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివైతే వరద పెరగ్గానే మునుగుతాయి. డిసెంబరులో నీకు ఆ భయం లేదు గానీ ఇది చదివి ఆగస్టులో వచ్చేవాళ్ల కోసం చెప్తున్నా: ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినపడితే రేవుల మీద ఆశ పెట్టుకోకూడదు. పంటులు ఆపేస్తారు.

కాకినాడ_చైను | నవంబరు 10, ఉదయం 5.52

సైకిలు సంగతి నేను చెప్తాను.

డెల్టా అంటే చదును, తేలిక అనుకుంటారు. చదునే అసలు కష్టం. కొండ దారిలో ఎక్కినంతసేపు ఎక్కాక దిగేటప్పుడు కాళ్లకు కాస్త విశ్రాంతి ఉంటుంది. ఇక్కడ దిగడమంటూ లేదు. పొద్దున ఎక్కిన సీటు మీద సాయంత్రం దాకా ఒకేలా కూర్చుని, ఒకేలా తొక్కుతూనే ఉండాలి. అరచేతులు తిమ్మిరెక్కుతాయి. గంటకొకసారి దిగి ఐదు నిమిషాలు నడవమని మీ బావగారికి చెప్పండి. మొత్తం దారిలో ఎక్కుడంటే వంతెనలూ, గట్టు మీదికెక్కే ర్యాంపులే.

రెండోది గాలి. ఎండ ముదిరాక సముద్రం నుంచి నేల మీదికి గాలి తిరుగుతుంది. మీరు వెళ్లేది సముద్రం వైపు. మధ్యాహ్నం మలికిపురం దాటి తొక్కితే ఆ గాలి నేరుగా గుండెల మీద కొడుతుంది, గంటకు పాతిక వెళ్లే మనిషి పదిహేనుకు పడిపోతాడు. అందుకే సముద్రం వైపు పొద్దున్నే వెళ్లండి, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పెట్టుకోండి. అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

టైర్ల మాట. మౌంటెన్ బైకు గంటుల టైరు ఇక్కడ అక్కర్లేదు. తారు మీద బరువు, బంకమట్టిలో ఆ గంటుల సందుల్లోనే మట్టి ఇరుక్కుంటుంది. నేను 40 మిల్లీమీటర్ల టైర్లు వాడతాను, గంటులు పొట్టివి. టైరుకీ ఫోర్కుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి. మట్టి పట్టితే తడి మీద గీకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. కాసేపు ఎండనిచ్చి పుల్లతో పొడిస్తే పెచ్చులుగా ఊడుతుంది.

ఇక కలిసి వెళ్లడం. పక్కపక్కన వెళ్లాలని చూడకండి. బండి వాడు విసుగుతో ముందుకు పోతాడు, సైకిలు వాడు అందుకోవాలని అదనంగా తొక్కి నడుం విరగ్గొట్టుకుంటాడు. సైకిలు తెల్లారకముందే బయల్దేరాలి. బండి గంటన్నర ఆగి బయల్దేరాలి. లొల్ల, కొత్తపేట, అక్విడక్టు అని కలిసే చోట్లు ముందే అనుకోండి. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం) పదమూడున్నర గంటల్లో తొక్కిన మనుషుల్ని చూశాను. వాళ్లలో ఎవరూ జోరుగా తొక్కేవాళ్లు కాదు, ఎక్కువసేపు ఆగనివాళ్లు.

యానాం_ఫ్రెంచివీధి | నవంబరు 10, ఉదయం 8.15

వశిష్ఠ ఒక్కటే నది కాదండి, ఇంకో పాయ గౌతమిని మరిచిపోకండి! కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగి, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం రండి. 2002లో ఆ వంతెన వచ్చేదాకా మేం ఎదుర్లంకకి రేవు దాటి వెళ్లినవాళ్లమే. యానాంలో ట్యాంకు నింపుకోండి, పెట్రోలు ధర తక్కువ. అక్కడి నుంచి తాళ్లరేవు, కోరంగి మడ అడవులు దగ్గరే.

భీమవరం_బురద | నవంబరు 10, రాత్రి 11.04

అన్నయ్యా, డిసెంబరులో ఏం వస్తారు? గట్టు అంటే ఆగస్టులో ఎక్కాలి. మొన్న వానల్లో నేను, మా జట్టు నలుగురం 411 బండ్లతో లంక వైపు నుంచి గట్టు వాలు మీదికి నేరుగా ఎక్కించాం. రెండు వందల కేజీల బండి, కింద జారే మట్టి, పైన వాన. ముందు చక్రం గాలిలో, వెనక చక్రం జానెడు లోతు గాడి చేసుకుంటూ ఎక్కుతుంటే ఆ ఆనందమే వేరు. కొండల దాకా పోనక్కర్లేదు, మన దగ్గరే ఉంది ఆఫ్ రోడ్డు. చోటు కావాలంటే చెప్తాను.

లస్కరుగారబ్బాయి | నవంబరు 11, ఉదయం 6.20

తమ్ముడూ, నీ వయసు తెలియదు గానీ మాట తీరును బట్టి చిన్నవాడివే అనుకుని చెప్తున్నాను. కోపంతో కాదు. ఓపిగ్గా చదువు.

మా నాన్నగారు కాలువ లస్కరు, అంటే కాలువనీ గట్టునీ కాపలా కాసే మనిషి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన రాత్రి ఆయన గట్టు మీదే ఉన్నారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఊళ్లో మగాళ్లందరూ లాంతర్లు పట్టుకుని గట్టు వెంట వరసగా నిలబడ్డారు. ఎందుకో తెలుసా? నీళ్లు గట్టు మీదుగా పొర్లడం ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించనిది ఊట. గట్టుకి ఊరి వైపున, అడుగున, వేలు పట్టేంత చోట చెమ్మ మొదలవుతుంది. తరవాత సన్నటి ధార. ఆ నీళ్లు తేటగా వస్తున్నాయంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎర్రగా, మట్టి కలిసి వస్తున్నాయంటే లోపల గట్టు కరుగుతోందన్నమాట. వెంటనే దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి గుండ్రంగా కట్టాలి. ఆలస్యమైతే గండి. ఆ ఏడాది మా ఎరికలో గండ్లు పడిన ఊళ్లున్నాయి. ఇళ్లు పోయినవాళ్లు, గొడ్లు పోయినవాళ్లు ఇవాళ్టికీ ఆ రాత్రి పేరెత్తితే మాట మారుస్తారు.

ఇప్పుడు నువ్వు చేసిన జానెడు గాడి సంగతి. వాలు మీద గరిక ఎందుకు ఉంచుతారంటే వాన నీళ్లు మట్టిని కోసుకుపోకుండా. నీ వెనక చక్రం ఆ గరికను వేళ్లతో సహా పెకలించింది. తరవాతి వాన ఆ గాడిలోనే పారుతుంది. పారిన ప్రతిసారీ లోతవుతుంది. రెండు వానాకాలాలకి అది మోకాలి లోతు కోత. వరద వచ్చినప్పుడు నది అక్కడే పట్టు దొరకబుచ్చుకుంటుంది. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటినప్పుడు మా ఊరి గట్టు మీద బస్తాలు పేర్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎక్కడెక్కడ పేర్చామో చెప్పనా? పశువులు దిగే బాటల దగ్గర, ట్రాక్టర్లు అడ్డంగా ఎక్కే చోట్ల. అంటే వాలు పాడైన చోట్లే.

గట్టు మీద దారి ఉన్నంత మేర హాయిగా వెళ్లు. ర్యాంపు ఉన్న చోట ఎక్కు, ర్యాంపు ఉన్న చోట దిగు. తడి ఉంటే కింద రోడ్డు పట్టుకో. మాకు బండ్ల మీద కోపం లేదు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు సైకిలు మీదే ఈ గట్టు కాపలా కాశారు.

పాలకొల్లు_పంతులమ్మ | నవంబరు 11, ఉదయం 9.37

లస్కరుగారి అబ్బాయి చెప్పింది ప్రతి ఒక్కరూ చదవాలి. బళ్లో మా పిల్లలకు కూడా చెప్తాను.

గోదారిగట్టు గారూ, మీ పంటు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఏడేళ్లు నరసాపురం రేవు దాటి అవతలి గట్టున బడికి వెళ్లొచ్చాను, స్కూటీ మీద. 350 బండి ఎక్కిస్తారు. ఎక్సెల్ మోపెడ్ల మీద చేపల బుట్టలు, కొబ్బరికాయల గోతాలు, గడ్డి మోపులు అన్నీ ఎక్కుతాయి. కాకపోతే రేవు దగ్గర వశిష్ఠకి సముద్రపు పోటూ పాటూ ఉంటుంది. పోటు మీద పంటు ఎత్తుగా, రేవుకి సమానంగా ఉంటుంది, నేరుగా తోలుకుపోవచ్చు. పాటు మీద నీరు తీసి రేవు వాలు అంతా ఒండ్రుతో సబ్బులా మెరుస్తుంది. పడేవాళ్లందరూ అక్కడే పడతారు.

నేను నేర్చుకున్నది ఇది. వెనక కూర్చున్నవాళ్లు ముందే దిగిపోవాలి. మీలా గేర్ల బండైతే ఫస్ట్ గేరులో, క్లచ్ సగం పట్టి, రెండు కాళ్లూ నేలకి ఆనిస్తూ దిగాలి. ముందు బ్రేకు అసలు తాకకూడదు. చెక్క మీదికి ఎక్కే గుమ్మం దగ్గర ఇనుప రేకు ఉంటుంది, తడిగా ఉంటే దాన్ని అడ్డంగా కాకుండా తిన్నగా దాటాలి. పంటు మీద సైడు స్టాండు నమ్మొద్దు, గేరులో పెట్టి దిగకుండా బండి మీదే కూర్చోండి. మొహమాటపడకుండా పంటు కుర్రాళ్లని సాయం అడగండి, వెనక నుంచి పట్టుకుంటారు. నేను మొదటి ఏడాది మొహమాటపడి రెండుసార్లు మోకాలు చీరుకున్నాను.

ఇంకోటి. మీరొచ్చేసరికి సార్వా (వానాకాలం పంట) కోతలు అయ్యి రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. సగం రోడ్డు వాళ్లది అనుకునే నడపండి. చీకటి పడితే నల్ల బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు, అవి లైటుకి కనపడవు. రాత్రి ప్రయాణం వద్దు.

భీమవరం_బురద | నవంబరు 11, రాత్రి 10.12

లస్కరుగారబ్బాయి అన్నయ్యా, పొద్దుటి నుంచి మూడుసార్లు చదివాను. నిజంగా తెలియదు. గట్టు అంటే ఎత్తయిన మట్టి అనుకున్నాను తప్ప, దాని వెనక ఊరుందని ఆలోచించలేదు. మా అమ్మమ్మగారి ఊరు కూడా గట్టు కిందే. ఆ రోజు తీసుకున్న ఫోటోలు తీసేశాను. జట్టులో మిగతా ముగ్గురికీ మీ మాట పంపించాను.

బురదలో తోలాలని ఉంటే తప్పులేని చోటు ఏదైనా ఉందా?

లంకలోడు | నవంబరు 11, రాత్రి 10.40

దాళ్వా (రెండో పంట) దమ్ము పట్టే ముందు పొలం వాళ్లని అడిగితే ఒక మడి ఇస్తారు తమ్ముడూ. నీళ్లు పెట్టిన మడిలో ట్రాక్టరుకి దమ్ము చక్రాలు ఎందుకు తగిలిస్తారో అరగంటలో నీకే తెలుస్తుంది. మా చేలోకి రా. కొండ దారి కావాలంటే రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, అక్కడి నుంచి చింతూరు ఘాట్ ఎక్కు. అక్కడ కూడా రోడ్డు దిగి అడవిలోకి తోలొద్దు.

గోదారిగట్టు | డిసెంబరు 30, రాత్రి 8.55

వెళ్లొచ్చామండి. ఇక్కడ చెప్పిన ప్రతి మాటా పనికొచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

బావ ధవళేశ్వరం కాటన్ మ్యూజియం దగ్గర నుంచి అయిదుంబావుకి బయల్దేరాడు. నేను ఆరూ నలభైకి. బ్యారేజీ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎడమ పక్క నీళ్లు కనపడవు, గేట్ల కింద నుంచి హోరు మాత్రం వినపడుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లమే. ఆ హోరు వింటూ మెల్లగా దాటితే, మా ఇంట్లో మూడు పూటలా తిన్న అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఒంటికి తెలిసింది. బండి ఆపి కాసేపు నిలబడ్డాను. హెల్మెట్ అద్దం లోపలా బయటా చెమ్మ.

లొల్ల లాకుల దగ్గర బావ టీ తాగుతూ దొరికాడు. అప్పటికే మంచు విడిపోతోంది. ఆత్రేయపురం పూతరేకులు కొందామంటే సైకిలు సంచిలో నలిగిపోతాయన్నాడు, నా పెట్టెలో పెట్టుకున్నాను. కొత్తపేట దాటాక నది పక్క వదిలి ఒక్కసారి ఎడమకు జరిగాం, అది అంబాజీపేట పొట్టిక్కల కోసం. పనసాకు బుట్టలో ఉడికిన ఆ పిండికి ఆకు వాసన పడుతుంది చూశారూ, దాని కోసం పది కిలోమీటర్లు అదనంగా తొక్కొచ్చని బావ తీర్మానం.

పి.గన్నవరం చేరేముందు గట్టు మీద ఒక మట్టి ముక్క ఉంది. ముందురోజు రాత్రి చిన్న జల్లు పడిందట. పైకి ఆరినట్టే ఉంది. బావ సైకిలు దిగి మడమతో నొక్కి చూశాడు, అంగుళం దిగింది. లస్కరుగారి అబ్బాయి మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగి ర్యాంపు దిగి కింద రోడ్డున వెళ్లాం. అక్కడే ఒకటి చూశాను. నది వైపు వాలు మీద అడ్డంగా కాక నిలువుగా రెండు గాళ్లు, చక్రాల ముద్రలతో. గాడి అంచున గరిక వేళ్లు బయటికి వేలాడుతున్నాయి, లోపల వాన నీళ్లు పారిన సన్నటి మేట. బావ పంపు పెట్టి కొలిచాడు, సగం పంపు లోతు. ఫోటో తీసి చోటుతో సహా లస్కరుగారి అబ్బాయికి విడిగా పంపాను.

అక్విడక్టు దగ్గర గంటసేపు కూర్చున్నాం. కింద వైనతేయ, పైన కాలువ. నది మీద నుంచి మరో నీళ్లు దాటుతాయి. 1850ల నాటి పాత కట్టడం వానలకీ వరదలకీ నల్లబడి ఇంకా నిలబడే ఉంది. పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు. ఈ దారిన పోయే బాటసారులకి వేళా పాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి, ఇక్కడి లంకల గన్నవరం ఇల్లాలు. 1909లో పోయారు. నూరేళ్లు దాటినా బాటసారికి ఈ చోట ఆవిడ పేరే ముందు గుర్తొస్తుంది.

ఇక నేను పడిన సంగతి. నాగుల్లంక దాటాక అయిదున్నర అయింది. పంతులమ్మగారు రాత్రి వద్దన్నారు, మేం అక్విడక్టు దగ్గర కూర్చున్న గంట ఇక్కడ అప్పుగా తేలింది. ఎడమ సగం రోడ్డంతా ధాన్యం. ఎదురుగా ట్రాక్టరు వస్తే చోటివ్వడానికి ముందు చక్రం ధాన్యం అంచు మీదికి పోనిచ్చాను. చక్రం కింద చిటపటమని సన్నటి చప్పుడు, అంతే, హ్యాండిలు నా చేతిలో లేదు. నెమ్మదిగానే వెళ్తున్నాను కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడం, క్లచ్ లివరు వంగడంతో సరిపోయింది. గింజలు గోళీల్లా దొర్లుతాయని వినడం వేరు, దొర్లడం వేరు.

ధాన్యం తొక్కించినందుకు తిడతారనుకున్నాను. పక్క గడప నుంచి ఒక పెద్దావిడ చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి, "ముందు చెయ్యి కడుక్కో నాయనా, గింజలెక్కడికి పోతాయి" అంది. ఆవిడే పసుపు అద్దింది. చెల్లాచెదురైన గింజలు ఎత్తడానికి బావ చీపురు పట్టాడు, నేను ఒంటిచేత్తో గోతం పట్టుకున్నాను. వాళ్లబ్బాయి చెప్పాడు, తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర ఒప్పుకోరట. రెండు రోజులుగా మబ్బు, మంచు. కళ్లం లేదు, తారు రోడ్డు ఒక్కటే వేడిగా ఉండే చోటు. పొద్దున్నే పరవడం, గంటకోసారి కాలితో దున్నడం, సాయంత్రం కుప్ప చేసి బరకం కప్పడం. మనం రోడ్డుకి అడ్డమనుకునే ఆ కుప్ప వాళ్ల ఆరు నెలల కష్టం. చీకటి పడేదాకా వాళ్లతోనే ఉండి కుప్ప చేయించి, మిగతా దూరం బావ వెనక లైటు పెట్టుకుని ముందు, నేను వెనక, ఇరవై వేగంతో రాజోలు చేరాం.

రెండో రోజు గాలి లెక్క ప్రకారం చీకటితోనే లేచాం. దిండి దగ్గర నది ఒక్కసారిగా వెడల్పవుతుంది, చెట్లు నీళ్లలోకి వంగి ఉంటాయి. అంతర్వేది చేరేసరికి ఎనిమిది. నరసింహస్వామి దర్శనం చేసుకుని, లైట్‌హౌసు దాటి, అన్నాచెల్లెళ్ల గట్టుకి బండీ సైకిలూ వదిలేసి నడిచే వెళ్లాం. ఒక పక్క సముద్రం నీలం, ఒక పక్క వశిష్ఠ బూడిద రంగు, మధ్యలో నురగ గీత. ధవళేశ్వరంలో మంచు కింద హోరుగా విన్న నీళ్లు ఇక్కడ చప్పుడు లేకుండా కలిసిపోతున్నాయి. బావ బూట్లు విప్పి ఆ గీత మీద నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.

పంటు మీద మాకు పాటు వేళ పడింది. పంతులమ్మగారు చెప్పినట్టే ఒండ్రు మెరుస్తోంది. ముందు బ్రేకు తాకలేదు, కుర్రాళ్లని అడిగాను, ఇద్దరు వెనక పట్టుకున్నారు. తిన్నగా ఎక్కింది. నా మీటరులో మొత్తం 131 కిలోమీటర్లు.

పాలకొల్లు_పంతులమ్మ | డిసెంబరు 30, రాత్రి 9.20

చెయ్యి ఎలా ఉందండి? ధాన్యం దుమ్ము పడిన గాయం, ధనుర్వాతం ఇంజెక్షను చేయించుకున్నారా?

గోదారిగట్టు | డిసెంబరు 30, రాత్రి 9.31

నరసాపురంలో దిగగానే చేయించుకున్నానండి. మానుతోంది.

కాకినాడ_చైను | డిసెంబరు 31, ఉదయం 5.40

బావగారి సైకిలు ఇవాళే కడిగించండి, రేపు కాదు. అంతర్వేదిలో గాలిలో ఉన్న ఉప్పు చైను లింకుల్లోకి, చువ్వల మొదళ్లలోకి చేరుతుంది. మంచినీళ్లతో, జోరుగా కాకుండా చెంబుతో పోసి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరాక లింకుకొక చుక్క నూనె. అదనపు నూనె తుడిచెయ్యాలి, లేదంటే దుమ్ము పట్టి అదే ఆకురాయిలా అరగదీస్తుంది. 350 బండికీ అంతే, డిస్కు బ్రేకు పిస్టన్ల దగ్గర ఒండ్రు ఎండిపోయి ఉంటుంది చూసుకోండి.

లస్కరుగారబ్బాయి | జనవరి 2, ఉదయం 7.05

గోదారిగట్టు గారూ, మీరు పంపిన ఫోటో చూసి నిన్న స్వయంగా వెళ్లొచ్చాను. మీరు చెప్పిన చోటే. రెండు గాళ్లూ కలిపి పన్నెండు అడుగుల పొడవున్నాయి. గట్టు చూసే వాళ్లకి చెప్పాను, ఒక ట్రాక్టరు మట్టి పంపుతామన్నారు. కూలీలు మాత్రం పండగ దాకా దొరకరు, అందరూ కుప్ప నూర్పిళ్లలో ఉన్నారు. ఊళ్లో వాళ్లం నలుగురం ఆదివారం పొద్దున్న పూడుద్దామనుకుంటున్నాం.

భీమవరం_బురద | జనవరి 2, రాత్రి 9.50

అన్నయ్యా, ఆ ఫోటో నాకూ పంపండి.

భీమవరం_బురద | జనవరి 2, రాత్రి 10.26

చూశాను. అవి మావే. మూడో బండి జారి పక్కకి పడిన గుర్తు కూడా ఉంది. ఆదివారం నలుగురం వస్తాం. పారలు, గమేళాలు తెచ్చుకోమంటారా?

లస్కరుగారబ్బాయి | జనవరి 3, ఉదయం 6.12

పారలు మా దగ్గరున్నాయి, దిమ్మిస కూడా ఉంది. జానెడు జానెడు పొరలుగా మట్టి పోసి, నీళ్లు చల్లి, పొర పొరకీ దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి పోస్తే పైన గట్టి, లోపల బోలు. మీరు రెండు గోతాల గరిక దుబ్బులు తెండి, వేళ్లతో తవ్వినవి, తడిగుడ్డలో చుట్టి. నాటాక నెల రోజులు నీళ్లు పొయ్యాలి, అది మా వంతు. ఏడింటికల్లా రండి. బండ్లు కింద రోడ్డు మీద రావిచెట్టు దగ్గర పెట్టి నడిచి రండి. టిఫిను మా ఇంట్లో.

భీమవరం_బురద | జనవరి 3, ఉదయం 6.30

సరే అన్నయ్యా. ఆరున్నరకే ఉంటాం.